డ్రాగన్ ఆలస్యంగా నడుస్తోంది

ఆ ఆదివారం మధ్యాహ్నం బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో భూకంపం రాలేదు. వచ్చి ఉంటే ఎంత బాగుండేదో! నా నిర్వాకం ఎవరి కంటా పడకుండా శిథిలాల కింద హాయిగా ఉండిపోయేది. రాలేదు కాబట్టి, జరిగిన ఘోరం మీకు చెప్పక తప్పదు.

మా మేనత్త కూతురు సుధ ఒక ఆట తయారుచేసింది. ఆటంటే లూడో కాదు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు తలో పాత్రా అయిపోయి ‘నేనిలా చేస్తాను’ అంటారు. చేయగలిగారో లేదో పాచికలు తేలుస్తాయి. సుధ ఆటలో గతౌరా స్టేషన్ దగ్గర ఆగిపోయిన ఒక ప్యాసింజరు రైలు, అందులో ఇరుక్కున్న జనం, అంతే.

“ఇందులో ఎవరూ చచ్చిపోరేటి?” అని అడిగాను.

“రైలు తప్పిపోతాది బావా. అదింకా ఘోరం.”

రాయపూర్‌లో బొమ్మలూ ఆటలూ టోకున అమ్మే ఒక సేఠ్ దీన్ని అచ్చు వేయడానికి ఒప్పుకున్నాడు. సుధ సంబరం అంతా ఇంతా కాదు. ఎందుకంటే మావయ్య, అంటే వాళ్ళ నాన్న, గూడ్సు గార్డు, ముందే తేల్చేశాడు: ఆట అమ్ముడుపోకపోతే నోరు మూసుకుని బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరాలి.

ఇంతలో సేఠ్ ఫోన్ చేశాడు. “ఈ రకం ఆటలు మొదట్నించీ డ్రాగన్ల మీదే బతుకుతున్నాయి భాయ్! కోట, కత్తి, మాంత్రికుడు లేకపోతే షాపువాడు పెట్టె ముట్టుకోడు. మూత మీద డ్రాగన్ బొమ్మ అచ్చు కూడా కొట్టించేశాను.”

“మా ఆటలో డ్రాగన్ లేదు కదండీ!” అంది సుధ.

“మూత మార్చడం కష్టం. ఆట మార్చండి. ఆదివారం వచ్చి ఆడి చూస్తాను.”

సుధకి ఏడుపొక్కటే తక్కువ. పైగా స్నేహితురాలి పెళ్ళికి తఖత్‌పూర్ వెళ్ళాలి. “బావా, ఒక్కో సన్నివేశం ఆలోచించి మార్చు. కంగారు పడకు,” అని కంప్యూటర్లో ఉన్న ఆట పుస్తకం నాకప్పగించి వెళ్ళింది.

కంగారు పడొద్దని నాతో చెప్పడం, కోతిని ధ్యానంలో కూర్చోమనడం ఒకటే. బయట స్నేహితులు బండి హారన్ కొడుతున్నారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, రైలు అన్నచోటల్లా డ్రాగన్, స్టేషన్ అన్నచోటల్లా కోట, టికెట్టుకి కత్తి, ప్రయాణికుడికి వీరుడు, టీసీకి మాంత్రికుడు పెట్టి మీట నొక్కాను. పుస్తకం మొత్తం క్షణంలో మారిపోయింది. సుధకి ఫోన్ చేశాను.

“అయిపోయింది!”

“అంత బేగినా?”

“నీ బావంటే ఏటనుకున్నావు?”

ఆదివారం సేఠ్ వచ్చాడు. సుధ పెళ్ళి నుంచి గోరింటాకు చేతులతో తిన్నగా వచ్చి, ఊపిరి తీసుకోకుండా పుస్తకం తెరిచింది. ఆటకి మనుషులు చాలక మావయ్యని కూడా కూర్చోబెట్టాం. పుస్తకం హిందీలో ఉంది, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

“మీరు కోటలో నిలబడి ఉన్నారు,” సుధ గంభీరంగా మొదలుపెట్టింది. “డ్రాగన్... ఆలస్యంగా నడుస్తోంది. వీరులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.”

“అచ్ఛా! ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తాది?” అన్నాడు మావయ్య.

సేఠ్ ఉత్సాహంగా ముందుకు వంగాడు. “నేను కత్తి దూస్తాను!”

సుధ పేజీ తిప్పింది. “మీ కత్తి వెయిటింగ్ లిస్టులో ఉంది.”

“ఎప్పుడొస్తుంది?”

“చార్టు తయారయ్యాక... మాంత్రికుణ్ణి అడగాలి.”

“అయితే డ్రాగన్ మీదికి దూకుతాను!”

“కదులుతున్న డ్రాగన్ ఎక్కరాదు.”

“ఆగాక ఎక్కుతాను!”

సుధ కింది వాక్యం చూసి కళ్ళు మూసుకుంది. “ఆగి ఉన్న డ్రాగన్‌లో మరుగుదొడ్డి వాడరాదు.”

సుధ పుస్తకం కిందపెట్టింది.

“బావా. ఇది నువ్వు చదివావా?”

నేను కుర్చీలోంచి బల్ల కిందికి జారుతున్నాను. సుధ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నిజంగా సిగ్గేసింది. సారీ చెబుదామని నోరు తెరిచేలోగా మావయ్య బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు.

“ఉండండెహె! అసలా డ్రాగన్‌కి పచ్చజెండా ఎవడిచ్చాడు? గార్డుని నేను! నేనివ్వందే అదెలా కదుల్తాది?” అని పాచికలు విసిరాడు.

సేఠ్‌కి పౌరుషం వచ్చింది. “నా కత్తి తేలేదాకా ఆ డ్రాగన్ కదలకూడదు! మాంత్రికుణ్ణి పిలవండి!”

“కింది బెర్తు పెద్దవాళ్ళకే, సేఠ్‌జీ! తోక వైపు కూర్చోండి!”

ఇద్దరూ లేచి నిలబడి అరుచుకున్నారు. సుధ ముందు బిక్కమొహం వేసింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత డ్రాగన్‌కి ఇంజను మార్చాలంటూ కథ అల్లేసింది. సేఠ్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

“ఒక్క అక్షరం దిద్దొద్దు. రెండో భాగం కూడా ఇలాగే కావాలి. ఇది రాసిందెవరు?”

సుధ నన్ను చూపించింది. “మా బావే. రెండోదీ ఆయనే రాస్తాడు.”

మర్నాటినుంచీ తప్పులు రాయడానికి కూర్చున్నాను. గోళ్ళు కొరికాను, గదిలో అటూ ఇటూ తిరిగాను. ఏం రాసినా చక్కగా అర్థమయ్యే వాక్యమే వస్తోంది! వెళ్ళి సుధకి మొర పెట్టుకున్నాను.

“ఒక్క తప్పూ రాలేదేటి?”

“రాలేదే.”

తనే నిట్టూర్చి, రైలు మీద శుభ్రమైన కథ రాసి నా ముందు పెట్టింది. “నొక్కు బావా. ఆలోచించకు. నీకొచ్చిందదే.”

అందుచేత మహాజనులారా, ఈ దపూమ రైల్వే, అంటే మన ఆగ్నేయ మధ్య రైల్వే, గాలి పీల్చి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట చదవకుండా ఏ పుస్తకంలోనూ ఒక్క మాట కూడా మార్చను. సుధ నొక్కమన్నప్పుడు మాత్రం నొక్కుతాను. అది తప్పు కాదు, డ్యూటీ.