మస్తాన్ బాబాయ్ చెప్పిన జవాబు

మూడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మిర్చి బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించేవాణ్ణి. దీన్ని దించే చోటు దొరకలేదు. మీరు కాస్త చెయ్యి వేయండి.

గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో, వచ్చిన మిరపకాయల్లో తేమ చూడడం నా పని. అప్పట్లో అది మస్తాన్ బాబాయ్ పని. నేను ఆయన పక్కన నిలబడి జోకులు వేసేవాణ్ణి. ఆయన కాయను చెవి దగ్గర ఆడించేవాడు. గింజలు గలగలమంటే ఎండినట్టు. ఆయన సరేనన్న సరుకుకు బూజు పట్టిందని నేనెప్పుడూ వినలేదు.

తర్వాత మా ఓనరు ఏఐ శిక్షణ తెచ్చాడు. ఫోను తెలుగులో పాఠం చెప్పి ప్రశ్నలడుగుతుంది, నోటితో జవాబు చెప్పాలి. మా ఇద్దరిలో మార్కులు ఎక్కువొచ్చిన ఒక్కరికే తేమ మీటరు ఇస్తారు, రెండోవారు చలిగదుల్లో బస్తాలు పేర్చాలి. ఫోనుకు అర్థంకాని జవాబులు తప్పో ఒప్పో తేల్చే పని నాకిచ్చారు, డిగ్రీ చదివానని. పరీక్ష రాసేవాడికే పేపర్లు దిద్దమని ఇవ్వడం మా ఓనరుకే చెల్లింది.

"కాయ ఎండిందని ఎలా తెలుసుకుంటారు?" అని అడిగింది ఫోను.

"చెవి దగ్గర ఆడించమ్మా, అదే చెబుద్ది," అన్నాడు బాబాయ్, కొత్త కోడలికి వంట నేర్పుతున్నట్టు.

తెర మీద రెండు బటన్లు వచ్చాయి. నా వేలు 'తప్పు' మీద పడింది. పడిందా? నేనే నొక్కాను. చలికి భయపడ్డానా, లేక పని నేర్పిన మనిషిని ఒక్కసారైనా దాటిపోవాలన్న దుగ్ధ నా వెటకారాలన్నిటి కింద ముందునుంచే దాక్కుని ఉందా?

"ఏమందిరా?"

"తప్పంట బాబాయ్."

"పోన్లేరా. కొత్తది కదా, నేర్చుకుంటదిలే."

నేర్చుకుంది, నా దగ్గరే. ఇప్పుడు కొత్తవాళ్లెవరైనా ఆ జవాబు చెబితే నన్నడక్కుండానే తప్పంటోంది.

మే నెల ఎండలో బాబాయ్ స్వెట్టరు, మంకీ క్యాపుతో చలిగదిలోంచి బయటికొస్తాడు. "ఊటీ ఎలా ఉంది బాబాయ్?" అంటాను. నవ్వుతాడు. నవ్వుతూనే వేళ్లు ఊదుకుంటాడు. ఆ వేళ్లు ఇప్పుడు సరిగ్గా ముడుచుకోవు. వాటి మీద మాత్రం నాకు జోకు రాలేదు.

మొన్న మీటరు పాడైంది. బయట లారీ ఆగి ఉంది. ఎవరూ చూడకుండా ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాను. గలగలమంది. లారీని లోపలికి పంపాను.

ఆయనకింకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. బస్తా నా వీపు మీదే ఉంది, లోపల ఏముందో మాత్రం ఇప్పుడు మీకూ తెలుసు. ఆయన జవాబు ఒప్పు. తప్పని నొక్కింది నేను.