పెద్దవ్వ చాటలో మా ఫోన్లు

పెద్దవ్వ పోయిన ముచ్చట నాకు వాట్సాప్ స్టేటస్‌లో తెలిసింది. పొద్దుగాల సిరిసిల్లలో బస్సు కోసం నిలబడి, అలవాటుగా ఒక్కొక్కరి స్టేటస్ తోసుకుంట పోతున్న. మస్కట్‌లో ఉన్న మా అన్న, అంటే పెద్దవ్వ ఒక్కగానొక్క కొడుకు, ఆమె ఫోటో పెట్టిండు. చుట్టూ గులాబీల ఫ్రేము, వెనుక ఏదో ఏడుపు పాట. పుట్టినరోజేమో అనుకొని ముందుకు తోసేసిన. పెద్దవ్వ పుట్టినరోజు ఎవరికీ తెలువదని యాదికొచ్చి వెనక్కి వచ్చిన. అంతలోనే అమ్మ ఫోన్.

"ఇంటికి రా బిడ్డా. మీ పెద్దవ్వ బీడీల ఆకు కత్తిరించుకుంట కూసున్నది కూసున్నట్టే ఒరిగింది."

అన్న మీద కోపం వచ్చింది. తల్లి పోతే ముందు స్టేటస్ పెడతరా అని. ఆ కోపం సాయంత్రానికి పోయింది, ఎట్ల పోయిందో చెప్త. కానీ బస్సెక్కి కూర్చున్నంక నాకు వచ్చిన మొదటి ఆలోచన వేరే. ఇయ్యాల గడప ముందు చాట ఎవరు పెడ్తరు?

పెద్దవ్వ అంటే మా బాపు వాళ్ళ అన్న భార్య. జగిత్యాల దిక్కు ఇబ్రహీంపట్నం మండలంలో మా ఊరు. మగవాళ్ళు చాలామంది గల్ఫ్‌లో ఉంటరు. ఆడవాళ్ళు వరి పొలాల్లో, పసుపు చేన్లలో, ఆ పని లేనప్పుడు బీడీల దగ్గర. ఒడిలో చాట లేకుండా పెద్దవ్వ కూర్చున్నది నేను చూడలే. చాటలో ఒక దిక్కు కత్తిరించిన తునికాకు, ఇంకో దిక్కు తంబాకు. మాట్లాడుతుంటే మాటన్నా ఆగేది గానీ వేళ్ళు ఆగకపోతుండె.

ఊరికి మాత్రం ఆమె ఏడుపుతో తెలుసు. మా దిక్కు చావింట్లో ఏడ్చుడంటే ఉత్త కన్నీళ్ళు కాదు. పోయిన మనిషిని పిలుచుకుంట, వాళ్ళ బతుకును ఒక్కొక్క మాటగా చెప్పుకుంట, రాగం తీసి ఏడుస్తరు. అది అందరికీ రాదు. పెద్దవ్వకు వచ్చు. ఆమె వచ్చీ రాంగనే శవం మీద పడేది కాదు. ముందు పొయ్యి దగ్గరికో, పశువుల కొట్టం దగ్గరికో పోయేది. అక్కడ ముడుచుకొని కూర్చున్న కోడలినో మనవరాలినో పట్టుకొని మెల్లగా అడిగేది. "మీ తాత ఏ కూర ఇష్టంగ తింటుండె బిడ్డా? నిద్రల ఏమన్న కలవరిస్తుండెనా? మొన్న మొన్న ఎవలనన్న తిట్టిండా?" తర్వాత వచ్చి గొంతెత్తితే, ఆయన పచ్చిపులుసులో ఎన్ని మిరపకాయలు పిసికించుకున్నదీ, కోడలి మీద అలిగి ఎవరెవరి ఇండ్లల్లో చాయ్ తాగివచ్చిందీ అన్నీ వచ్చేవి. ఏడ్చేవాళ్ళు నడుమ నవ్వేటోళ్ళు. నవ్వి, ఇంకా గట్టిగా ఏడ్చేటోళ్ళు.

"ఊకె అయ్యో అయ్యో అంటే, ఎవల కోసం ఏడుస్తున్నమో పోయినోళ్ళకు ఎట్ల తెలుస్తది?" అనేది.

నేను జగిత్యాలలో డిగ్రీ చేసి, ఇంటిపట్టున ఉండలేక, ఇంకా చదువుదామంటే మనసు నిలవక, కోరుట్లలో ఒక చిన్న యూట్యూబ్ ఛానల్‌లో చేరిన. రెండు గదులు, ఒక కెమెరా, ఒక మైకు. మైకు చేతికి రాంగనే ఊరంతా నన్ను మేడం అన్నది, పెద్దవ్వ తప్ప. "ఏందే బిడ్డా, గా ఐస్‌క్రీము పుల్ల పట్టుకొని తిరుగుతున్నవు?" అనేది.

ఆ ఏడాదే మా పక్క గల్లీలో నాకు అన్న వరసయ్యే ఒకాయన దుబాయ్ నుంచి శవపెట్టెలో వచ్చిండు. పోకముందు కోరుట్లకు ఆటో నడిపేటోడు. నా ఇంటర్ రెండేండ్లూ ఆ ఆటోలోనే గడిచింది. ఆయన భార్య నాకు వదిన వరస, నాకంటే మూడేండ్లే పెద్ద. ఊళ్ళోకి అంబులెన్స్ కంటే ముందు నేను, మా కెమెరామెన్ వచ్చినం. ఆ పొద్దు నాకది దుఃఖం కాదు, మొదటి పెద్ద వార్త. రాయడానికి సిగ్గయితున్నది. రాయకుంటే పెద్దవ్వ గురించి రాసినట్టు కాదు.

పెట్టె దించినంక పెద్దవ్వ గొంతెత్తింది.

"ఆటో ఎక్కిన ముసలోళ్ళను ఇంటి ముంగట దించితివి కొడుకా… నిన్ను గీ పెట్టెల ఎవలు దించిన్రు కొడుకా…"

వాకిలంతా కదిలింది. అప్పటిదాకా బొమ్మ లెక్క కూర్చున్న వదిన "అత్తా" అని ఆమె మెడ పట్టుకొని బోరుమన్నది. అప్పుడే కెమెరామెన్ నా చెవిలో చెప్పిండు. "మేడం, మైకు ఆన్ చెయ్యలే. సౌండ్ రాలే."

నేను పెద్దవ్వ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న. "పెద్దవ్వా, గా మాట ఇంకొక్కసారి అనవా? కెమెరా దిక్కు చూడు. వదినను గట్లనే పట్టుకో."

పెద్దవ్వ కొంగుతో ముఖం తుడుచుకొని నన్ను చూసింది. తిట్టలే. "బిడ్డా, గీ పిలగాని పేరేంది?" అని అడిగింది.

పేరు చెప్పడానికి నేను చేతిలో ఉన్న కాయితం దిక్కు చూసిన. రెండేండ్లు ఆయన ఆటోలో తిరిగిన నేను.

"పో, జరన్ని నీళ్ళు తాగిరా," అన్నది పెద్దవ్వ.

అక్కడికి ఆగితే బాగుండు. ఆగలే. వాకిట్లో ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో అడిగి తీసుకున్న. వెనుక పాట వేసిన. 'గుండె పగిలే ఏడుపు' అని పేరు పెట్టింది నేనే, వదిన ముఖం చుట్టూ ఎర్ర గుండ్రం గీసింది నేనే. అది జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా చేతులు మారింది. ఆఫీసులో మిఠాయి పంచిన్రు. నెల తిరగకముందే ఎవరో దానికి డీజే దరువు కలిపిన్రు. కోరుట్లలో ఒక పెండ్లి బరాత్‌లో "ఎవలు దించిన్రు కొడుకా" అన్న మాటకు జనం ఎగురుతుంటే రోడ్డు పక్కన నిలబడి చూసిన. అది పెద్దవ్వ గొంతు. ఆ గొంతు కింద, చెవి పెట్టి వింటే, వదిన ఏడుపు.

పెద్దవ్వ కూడా విన్నది. మొదలు నవ్వింది. "నా ఏడ్పుకు గింత ఎగురుతరని తెలిస్తే పెండ్లిళ్ళకే పోదునేమో!" కాసేపు బీడీ చుట్టి అడిగింది. "గా పిల్ల విన్నదా?"

వదిన విన్నది. బోరింగు దగ్గర ఆమెను చూసి ఒకరిద్దరు ఆ లైను అందుకునే సరికి నీళ్ళకు వచ్చుడు మానేసింది. ఎక్కడన్నా చావైతే గడప బయట నిలబడి, పెదవి కరుచుకొని, మర్లిపోయేది. "నేను ఏడిస్తే నవ్వుతరు అత్తా," అన్నదట పెద్దవ్వతో.

ఆనాటి నుంచి పెద్దవ్వ గొంతు మూగవోయింది. చావిండ్లకు పోయేది. ఏ కూర ఇష్టమని అడిగేది కూడా. కానీ ఉత్తగా కూర్చొని లేచి వచ్చేది. రోజూ మధ్యాహ్నం చాట ఎత్తుకొని వదిన ఇంటికి పోయి, ఆమె ఎదురుంగ కూర్చొని బీడీలు చుట్టేది.

వీడియో తీసేసిన. తీసేస్తే పోతదా? నా దగ్గర నుంచి పోయింది, ఊరి దగ్గర ఉన్నది. పెద్దవ్వ దగ్గరికి పోయి తప్పయిందన్న. "నాకెందుకు చెప్తవు, గామెకు చెప్పు," అన్నది. వదినకు చెప్పిన. చాయ్ పెట్టి ఇచ్చింది.

ఆ తర్వాత రెండేండ్లలో మా చావిండ్లు మారిపోయినయి. కెమెరా లేస్తే ఏడుపు లేచేది, కెమెరా దిగితే ఏడుపు దిగేది. ఒకాయన తండ్రి పాడె పట్టుకొని, "వీడియో వస్తున్నదా?" అని అడిగి మరీ ఏడ్చిండు. అందరూ చాటుకు నవ్విన్రు. నాకు నవ్వు రాలే. ఏడుపు గట్ల ఉండాలని ఆయనకు నేర్పింది మాలాంటి వాళ్ళమే. ఎర్ర గుండ్రం గీసి మరీ నేర్పినం.

ఒకనాడు మా గల్లీలో ఒక తాత పోయిండు. పెద్దవ్వ తన బీడీల చాటను తంబాకు దులిపి తెచ్చి, వాళ్ళ గడప ముందు పెట్టి, పక్కన బాసింపట్టు వేసుకొని కూర్చున్నది.

"ఫోన్లు గిండ్ల ఎయ్యిన్రి."

"ఏంది పెద్దవ్వా, టోల్‌గేటు పెట్టినవా?" అన్నరెవరో.

"ఔ బిడ్డా. మనిషి పోయిన ఇంటికి ఉత్త చేతులతోని పోవాలె."

"ఫోనుంటే ఏమాయె?"

"గది ఉంటే నీ చేతుల మనిషి పట్టడు."

మొదలు నేనే వేసిన. "బంద్ చేసినవా? నీది తిరుగుబోతు ఫోను," అన్నది. అందరూ నవ్విన్రు. నవ్వుకుంటనే ఒక్కొక్కరు వేసిన్రు. ఆ ఇంటి కోడలు మాత్రం ఫోన్ పట్టుకొని గడప దగ్గర ఆగింది. వీడియో కాల్‌లో ఆమె భర్త, దుబాయ్ నుంచి, తండ్రిని చూడడానికి.

"అది ఎయ్యకు పిల్లా," అన్నది పెద్దవ్వ. "అది ఫోను కాదు, కొడుకు."

తాత తల దగ్గర చాప దులిపి, చెంబు పెట్టి, దానికి ఫోన్ ఆనించి, "కూసో కొడుకా," అన్నది తెరతో. అప్పుడు, రెండేండ్లకు, గొంతెత్తింది.

ఆ నెలలోనే నేను ఛానల్ మానేసిన. ఇప్పుడు సిరిసిల్లలో ఒక చిన్న పత్రికకు రాస్తున్న. మరమగ్గాల ఇండ్లల్లో ఎవరన్నా పోతే, వార్తకు పోయి మొదలు అడిగేవి పెద్దవ్వ ప్రశ్నలే. ఊళ్ళో ప్రతి చావింటి గడప ముందూ పెద్దవ్వ చాట పెట్టేది. కానీ వదిన మాత్రం, తన ఫోన్ అందులో వేసి కూడా, గడప దాటకపోతుండె. ఒకసారి పెద్దవ్వతో అంటే, "గొంతు ఏడికి పోతదే? లోపట్నే ఉంటది. తొందరపెట్టకు," అన్నది.

నేను ఊరు చేరేసరికి పెద్దవ్వను గడప లోపల వాకిట్లో పండుకోబెట్టిన్రు. చుట్టూ ఫోన్లు లేచి ఉన్నయి. నా పాత ఛానల్ నుంచి కొత్తగా చేరిన ఒక అమ్మాయి మైకు పట్టుకొని వచ్చింది. "అక్కా, ఒక్క బైట్ ఇవ్వరా? వైరల్ అయిన అమ్మ కదా." నన్ను నేను చూసుకున్నట్టయింది. తిట్టబుద్ధి కాలే.

గడప బయటి అరుగు మీదికి పోయిన. ఆమె కూర్చునే జాగలో చాట అట్లనే ఉన్నది. సగం కత్తిరించిన ఆకు, పక్కన తంబాకు. ఆమె చివరి పని అది. ఒంపడానికి నాకు చేతులు రాలే. అంతలో ఎవరో వచ్చి పక్కన కూర్చున్నరు. వదిన. ఆకును తడిగుడ్డలో చుట్టింది, తంబాకును డబ్బాలో పోసింది, చాట దులిపి నా చేతికిచ్చింది.

గడప ముందు పెట్టి, నా ఫోన్ వేసిన. వదిన వేసింది. "టోల్‌గేటు ఇయ్యాల గూడ ఉన్నదా?" అన్నరెవరో, అని ఏడ్చిన్రు. ఒక్కొక్కటీ వచ్చి పడ్డయి. మైకు అమ్మాయి అటూ ఇటూ చూసింది. "మా సార్ ఊకోడు అక్కా." "జరసేపే," అన్న. ఫోన్ వేసింది. కాసేపాగి మైకు కూడా పెట్టింది. పెద్దవ్వ చాటలోకి ఐస్‌క్రీము పుల్ల కూడా చేరింది.

అమ్మ ఫోన్ మాత్రం వెయ్యలే. పెద్దవ్వ తల దగ్గర చెంబుకు ఆనించినం. అందులో మస్కట్ నుంచి అన్న. పని బట్టల మీదనే, ఇనుప మంచం మీద ఒక్కడే కూర్చున్నడు. పట్టుకొని ఏడుద్దామంటే ఆ గదిలో ఒక్క మెడ లేదు. గులాబీల ఫ్రేము తప్ప ఆయనకేం దొరికింది? నా కోపం అక్కడ పోయింది.

ఇక ఏడుపు ఎత్తుకోవాలె. మొదలుపెట్టే మనిషే పండుకొని ఉన్నది. ఎంతకూ ఎవరూ అందుకోకపోయేసరికి నేనే నోరు తెరిచిన.

"చాయ్‌ల చక్కెర వద్దంటివి పెద్దవ్వా… బెల్లం ముక్క కొంగుల ముడేసుకుంటివి పెద్దవ్వా…"

రాగం కుదరలే. వార్తలు చదివినట్టున్నది. అమ్మ ఏడుపులోనే నవ్వింది. "రాకుంటే వచ్చినట్టు ఏడువు బిడ్డా," అన్నది. ఇంకో మాట కోసం వెతుక్కుంటుంటే గడప దగ్గర నుంచి ఒక గొంతు లేచింది. సన్నగా, తుప్పు పట్టినట్టు, కానీ రాగం తప్పకుండా.

"నా ఎదురుంగ కూసుండి చాట నింపితివి అత్తా… నా గొంతు పోయిందని నీ గొంతు దాసుకుంటివి అత్తా…"

వదిన గడప దాటింది. ఆడవాళ్ళు జరిగి తొవ్వ ఇచ్చిన్రు. ఆమె వచ్చి పెద్దవ్వ కాళ్ళు పట్టుకున్నది. నేను ఆమె మెడ పట్టుకున్న. ఎవరూ నవ్వలే. తెరలో అన్న, "అవ్వా" అని చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. వెనుక చాటలో ఎవరిదో ఫోన్ కొట్టుకున్నది, దాని వెంట ఇంకోటి. బియ్యం చెరిగినట్టు చప్పుడు. ఎవరూ లేవలే. అందరి చేతుల్లో మనుషులు ఉన్నరు.

చాట ఇప్పుడు వదిన ఇంట్లో గోడకు ఉన్నది. నేను సిరిసిల్లకు వచ్చి చాన్నాళ్ళయింది. నా ఫోన్‌లో ఛార్జింగ్ పెట్టే కంతలో ఒక తంబాకు పలుకు ఇరుక్కున్నది. గుండుసూదితో తియ్యొచ్చు. తియ్యలే. ఎవరన్నా ఫోన్ చేస్తే, చెవికి ఆనించుకునే ముందు ఒక్క క్షణం, పెద్దవ్వ ఒడి వాసన వస్తది.