కోటు గుండీకి ఆధారం

ఎనభై నాలుగు అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున్న ఏడుంపావుకి డెట్రాయిట్‌లో ఒహాయో వెళ్లే బస్సెక్కాను. చేతిలో రానూపోనూ టికెట్టు, సంచిలో పులిహోర డబ్బా, మనసులో మా అమ్మాయి వసుంధరను ఓడించి తీరాలన్న పట్టుదల.

ఈ పట్టుదలకు కారణం ఒక గుండీ. కాకినాడ కాలేజీలో నేను ఇరవై రెండేళ్లు అమెరికా చరిత్ర చెప్పాను. చెప్పడమంటే నోట్సు రాయించడం. ఒకానొక అధ్యక్షుడు ప్రమాణ స్వీకారం రోజు పొద్దున్న, ఊడిన కోటు గుండీ తానే కుట్టుకున్నాడనీ, ఆయన నిరాడంబరతకు అదే నిదర్శనమనీ ఏటా రాయించేవాణ్ణి. ఒక అమెరికన్ ప్రొఫెసర్ పుస్తకంలో ఉంది మరి. నా క్లాసులోనే చదివిన వసుంధర పరీక్షలో "దీనికి ఆధారం లేదు" అని రాసింది. రెండు మార్కులు కోసి, దాన్ని నిలబెట్టి ఆ జవాబు చదివించాను. క్లాసంతా నవ్వింది. ఆ వేసవిలో అది హిస్టరీ వదిలి మాథ్స్‌కి మారిపోయింది. అక్కడైతే అన్నిటికీ ఆధారం చూపిస్తారట.

ఇప్పుడది డెట్రాయిట్ పక్కనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటూ కార్ల కంపెనీలో కంప్యూటర్ల మీద పనిచేస్తోంది. చూడ్డానికొచ్చిన నేను మొన్న వాళ్లింట్లో భోజనాల దగ్గర నలుగురిలో గుండీ కథ మొదలెట్టానో లేదో, "ఆధారం ఏంటి నాన్నగారూ?" అంది, పద్నాలుగేళ్ల తర్వాత. అంతటితో ఆగిందా? కీర్తిశేషులైన ఆ ప్రొఫెసర్ పాఠాల కాగితాలు, పరిశోధన కాగితాలు ఒహాయోలో ఆయన పనిచేసిన కాలేజీలోనే భద్రపరిచారని ఫోన్ చేసి కనుక్కుంది.

"టికెట్ బుక్ చేశాను. లంచ్ ప్యాక్ చేస్తాను. వెళ్లి చెక్ చేసుకుని రండి."

బస్సులో పక్కసీటు ఆయన కార్ల ఫ్యాక్టరీలో రిటైరైనవాడు. ఏ అధ్యక్షుడి సంగతి తేల్చుకోడానికి వెళ్తున్నానో పేరు చెప్పాను.

"ఆయన మా దేశం అధ్యక్షుడేనా?" అన్నాడు.

అవునని చెప్పి, గుండీ సంగతి వినిపించాను.

"మా ఆవిడ ఊళ్లో లేనప్పుడు నేనూ కుట్టుకుంటాను" అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఈ కోణం నాకు తట్టలేదు.

పదీ నలభైకి దిగాను. కాలేజీ పది నిమిషాల నడక. వెళ్లదలచినవారికి ఒక మాట: కోటు, కలం, పులిహోర మూడింటినీ బయట బీరువాలో పెట్టించేస్తారు. పెన్సిల్ వాళ్లే ఇస్తారు. కాగితాలకు కాపలా ఉన్న పెద్దావిడ ఒక్కో ఫైలే తెచ్చి, నేను పేజీ తిప్పినప్పుడల్లా తలెత్తి చూసేది.

మొదటి ఫైల్లోనే పాఠం దొరికింది. మార్జిన్‌లో ఆయన చేతిరాత: "గుండీ. ఇక్కడ నవ్వుతారు." గెలిచేశాననుకున్నాను. ఒంటిగంటకు మెట్ల మీద కూర్చుని పులిహోర చాలా ఇష్టంగా తిన్నాను.

మూడో ఫైల్లో ఉత్తరాలున్నాయి. ఎవరో విద్యార్థి గుండీకి ఆధారం ఏమిటని అడిగాడు. ప్రొఫెసర్ జవాబు కార్బన్ కాపీ దాని వెనకే ఉంది. "ఆధారం లేదు. కునుకు తీస్తున్న క్లాసును లేపడానికి నేనే కల్పించాను. అది పుస్తకంలోకీ జారిపోయింది. రెండో ముద్రణలో తీసేస్తున్నాను. అడిగినందుకు నీకు ఎ గ్రేడు."

మా కాలేజీ లైబ్రరీలో ఉన్నది మొదటి ముద్రణ. తల కొట్టేసినట్టయింది. అదే ప్రశ్నకు ఇక్కడ ఎ గ్రేడు, అక్కడ క్లాసంతా నవ్వు.

"మీకు కావలసింది దొరికిందా?" అని పెద్దావిడ అడిగింది.

"దొరికింది."

"దొరికినవాళ్ల మొహం ఇలా ఉండదు" అంటూ జవాబును జిరాక్సు తీసిచ్చింది.

తిరుగు బస్సు నాలుగింటికి. అధ్యక్షుణ్ణి చూద్దామని వెళ్లినవాడికి ఆ పెట్టెల్లో కనిపించింది ఇద్దరు మేష్టార్లు. ఒకాయన తన తప్పు తానే ఒప్పేసుకుని హాయిగా కాలం చేశాడు. రెండోవాడు కిటికీలోంచి కోతలైపోయిన మొక్కజొన్న చేలు చూస్తూ, కూతురికేం చెప్పాలో కూడబలుక్కుంటున్నాడు. ఎలా మొదలెట్టినా నోట్సు రాయించినట్టే వస్తోంది.

ఏడున్నరకి వసుంధర కారుతో వచ్చింది. జిరాక్సు చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది. కారు స్టార్ట్ చేయలేదు.

"అందరి ముందూ చదివించారు నాన్నగారూ" అంది.

"తప్పు నాదేనమ్మా."

చెయ్యి జేబులోకి పోతే రీడింగ్ రూమ్ పెన్సిల్ తగిలింది, తిరిగివ్వడం మరిచిపోయాను. కాగితం అంచున ప్లస్ రెండు వేసి సంతకం పెట్టాను.

"రెండు కాదు, నాలుగు కట్ చేశారు" అంది కళ్లు తుడుచుకుంటూ.

నాకు బాగా గుర్తు, రెండే. ఆధారం ఏమిటని నోటిదాకా వచ్చింది. రెండు కొట్టేసి నాలుగు వేశాను.