చాంది సంతకం

ములకలపల్లి దగ్గరి తండాలో పుట్టిన చాంది బడికి పోలేదు. అద్దాల కుట్టుపనే ఆమె చదువు. కాగితపు మిల్లులో మట్టి మోసే రోజుల్లో, యంత్రాలు బిగించడానికొచ్చిన చైనా ఫిట్టరొకడు ఆమె పేరును తన లిపిలో ఇసుక మీద రాసి చూపించాడు. ముందు అడ్డగీత, తర్వాత నిలువుగీత, పైనుంచి కిందికి. అచ్చం కుట్టు వరసే. అతను వెళ్లిపోయాక ఏడాదంతా ఆమె గోడ మీద బొగ్గుతో దిద్దింది.

2008లో, అడవిలో సాగు చేసుకుంటున్న పోడు భూమి పట్టా దరఖాస్తు మీద మొదటిసారి సంతకం చేసింది.

"గీ బొమ్మలేంది?" అన్నాడు గుమస్తా.

"నా పేరే సారూ. వరస తప్పలే, చూడుండ్రి."

చూస్తే ఏం పోయేదో! ఆ కాగితం చింపేసి, కొత్తది పెట్టి, ఇంకు ప్యాడ్ ముందుకు తోశాడు.

వేలిముద్రకు వరసతో పనిలేదు.