కొత్త ఇంజను నీళ్లు

మా ఆయన ఎర్రగుంట్లలో శనక్కాయల నూనెమిల్లులో ఇంజను డ్రైవరు. పాత ఇంజను ఉన్నన్నాళ్లూ దాన్ని చల్లబరిచిన నీళ్లు వేడివేడిగా కాలువలోకి వచ్చేవి. మా వీధి ఆడవాళ్లందరం బిందెలతో పోయి పట్టుకొచ్చి, వీధిలోని పిల్లలందరికీ వాటితోనే స్నానాలు చేయించేవాళ్లం. గుక్కెడు నీళ్లు నేలపాలు చేసినా మా వైపు పాపమే.

తర్వాత కొత్త ఇంజను వచ్చింది. దాంట్లో పోసిన నీళ్లే లోపల తిరుగుతూ ఉంటాయి. తుప్పు పట్టకుండా వాటిలో ఏదో మందు కలిపారు. ఆ ముక్క మహానుభావుడు ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. ఇంజను దగ్గర ఉన్న నోరు ఇంట్లో ఉంటేగా!

నాకు తొలి కాన్పయిన ఎండాకాలమది. నాకు పుట్టిల్లు లేదు. పురుడు మా అత్తే పోసింది. శనక్కాయలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్లన్నీ పగిలి ఉండేవి. ఒకరోజు రిపేరుకని ఇంజను నీళ్లు పీపాలోకి దించితే, అత్త బకెట్టు నింపుకొచ్చింది.

"చూడు మే, పసుపు గూడ కలిపినారు. బిడ్డకు శానా మంచిది," అంటూ మణికట్టు దాకా చేతులు ముంచి వేడి చూసింది. కాళ్లు చాపుకొని కూర్చుంది. ఆముదం రాసిన బిడ్డను ఆమె కాళ్ల మీద పడుకోబెట్టాను. అత్త చెంబు ముంచింది.

అన్నానికొచ్చిన మా ఆయన వాకిట్లోంచే ఆ రంగు చూశాడు. ఒక్క అంగలో వచ్చి చెంబు లాక్కుని, బకెట్టు తన్నేశాడు. నేను బిడ్డను ఎత్తుకుని గుండెకు హత్తుకున్నాను.

"నీళ్లు పారబోస్తివేమప్పా," అంది అత్త.

"అది ఇనుముకేసే మందు మా. పగుళ్లలోకి పోతే పుండ్లు పడతాయి."

చెబుతూనే, ఆమడ దూరం నుంచి తెచ్చుకున్న తాగేనీళ్ల బిందె ఎత్తి ఆమె చేతుల మీద పోయసాగాడు. అత్త చేతులు వెనక్కి లాక్కుంది.

"బిడ్డకని దాచినవి గదరా. ముసల్దాని చేతులకు యాల?"

"నా బిడ్డకు రేపు నీళ్లు పోసేది ఈ చేతులే గదమ్మా."

అత్త చేతులు చాపింది. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది. బిడ్డను చంకనేసుకొని లోపలికి పోయి, ఇంట్లో మిగిలిన రెండో బిందె కూడా తెచ్చి ఆయన పక్కన పెట్టాను.