ఆట లేని ఊరికి టికెట్టు

లాల్ అహ్మద్ గారు ఆట లేని ఊరికి వెళ్లరు. పెళ్లయినా సరే, చావయినా సరే, ఆ రోజు ఆ ఊళ్లో ఏదో ఒక ఆట జరుగుతుండాలి. ఫలానా ఆటే కావాలన్న పట్టింపు లేదు. బంతి ఉన్నా పర్లేదు, లేకపోయినా పర్లేదు. నలుగురు మనుషులు పోటీపడి చెమటలు కారుస్తుంటే, చూస్తూ కూర్చోవడానికి తనకో మెట్టు ఉంటే చాలు.

ఆయనకి గవర్నర్‌పేటలో గుండీలు, జిప్పుల హోల్‌సేల్ కొట్టు. దాని పక్కనే నాది, కిరీటి ట్రావెల్స్. మామూలు మనుషులు నా దగ్గరికొచ్చి "తిరుపతికి రెండు" అంటారు. అహ్మద్ గారు వచ్చి, "కిరీటీ, ఈ నెలాఖరుకి ఖోఖో ఎక్కడుందయ్యా?" అంటారు.

మొదటిసారి నేను కంప్యూటర్లో వెతికి, "ఆ పేరుతో స్టేషన్ లేదండీ" అన్నాను.

"స్టేషన్ కాదయ్యా, ఆట! ఆట ఎక్కడుంటే అక్కడికి టికెట్ చెయ్యి."

అలా ఇరవై ఏళ్లలో సగం దేశం తిరిగారు. ఏ ఊరి సంగతి అడిగినా చెబుతారు, కానీ మనకి పనికొచ్చేది ఒక్కటీ చెప్పరు.

"జైపూర్ ఎలా ఉందండీ?"

"పడమటి గ్యాలరీలో మొహం మీద ఎండ కొడుతుందయ్యా."

"మైసూరు?"

"మెట్లు ఎత్తు. మోకాళ్లు పట్టేశాయి."

"మరి ప్యాలెస్?"

"అందులో ఏం ఆడతారు?"

పోనీ ఆటలన్నీ క్షుణ్ణంగా తెలుసా అంటే, ఒక్కదాని రూల్సూ తెలీవు. చెన్నైలో చదరంగం పోటీకి వెళ్లి, హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, "గుర్రాన్ని తియ్యి తల్లీ, గుర్రాన్ని!" అని గావుకేక పెట్టారు. ఇద్దరు వాలంటీర్లు చెరో రెక్కా పట్టుకుని బయట దించారు. వెళ్తూ వెళ్తూ "ఇంతకీ తీసిందా?" అని వాళ్లనే అడిగారట.

స్కోరు మాత్రం అడక్కూడదు.

"ఎవరు గెలిచారండీ?"

"అది చూళ్లేదయ్యా."

"మూడు రోజులు కూర్చుని ఎవరు గెలిచారో చూళ్లేదా?"

"అరవడంలో తీరిక దొరకలేదు."

బావమరిది కూతురి నిఖా నంద్యాలలో అయింది. ఆ వారం నంద్యాలలో ఏ ఆటా లేదని ఈయన రానన్నారు. పెళ్లికొడుకు స్నేహితులు షాదీఖానా వెనక రింగు టెన్నిస్ ఆడతామని ఒప్పుకున్నాకే బయల్దేరారు. లోపల పెళ్లికొడుకు సిగ్గుపడుతూ "ఖబూల్ హై" అనడం, వెనక నుంచి "శభాష్! ఇంకొక్కసారి!" అని కేక వినపడడం ఒకేసారి జరిగాయి. పెళ్లికొడుకు అది తనకే అనుకుని లేచి అందరికీ సలాం చేశాడు.

ఇన్నేళ్లూ ఈ తిరుగుడంతా భరించిన మనిషి ఆయన భార్య మెహబూబ్ బీ గారు. ఆగ్రా పేరెత్తితే చాలు, ఆవిడకి బీపీ పెరుగుతుంది.

"తాజ్‌మహల్ చూపిస్తానంటే నమ్మి వెళ్లాను నాయనా. తీరా చూస్తే అక్కడ ఆడపిల్లల కుస్తీ పోటీలు. గ్యాలరీ మెట్ల మీంచి గుమ్మటం కనపడుతోంది కదా, చాలదా అన్నారు. అని, ఆ గుమ్మటానికి వీపు పెట్టి మూడు రోజులు కూర్చున్నారు మహానుభావుడు. షాజహాన్ చూసుంటే ఇంకోసారి పోయేవాడు."

కిందటి వానాకాలం ఒక రోజు ఆవిడ ఒక్కరే మా ఆఫీసుకి వచ్చారు. బ్యాగు బల్ల మీద పెట్టి కూర్చున్నారు.

"కిరీటీ, ఆట లేని ఊరికి టికెట్ ఉందా నీ దగ్గర?"

"ఎక్కడికమ్మా?"

"పుట్టింది మొదలు ఈ కృష్ణ నీళ్లే తాగుతున్నాను. ఆ కృష్ణ సముద్రంలో కలిసే చోటు ఇంతవరకూ చూళ్లేదు. కూతవేటు దూరం. దేశంలో ఉన్న గ్యాలరీలన్నీ చూశాను, అది చూళ్లేదు. ఒక్క రోజు, నేనూ ఆయనా. మధ్యలో ఏ ఆటా ఉండకూడదు. ఉందంటే మాత్రం, నేను అటునుంచటే బందరులో మా తమ్ముడింటికి వెళ్లిపోతాను. మళ్లీ రాను. ఏ స్టేడియంలో వండిపెడతారో అక్కడే తినమను."

ఆ గొంతులో నవ్వు లేదు. నాకు భయమేసింది.

వారం రోజులు మూడు పేపర్ల ఆటల పేజీలు అక్షరం వదలకుండా చదివాను. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవిలో ఇసుక, నీళ్లు, గాలి తప్ప ఏమీ లేవని రూఢి చేసుకున్నాను. పీతలు పరిగెడతాయి కానీ పోటీ పడవు. నా కార్లోనే వెళదామని, పద్దెనిమిదో తారీఖు ఖాయం చేశాను.

తారీఖు వినగానే అహ్మద్ గారి మొహం పాలిపోయింది. ఫోన్ తీసి చూసుకున్నారు. గడ్డం గోక్కున్నారు. "దారిలో అవనిగడ్డ వస్తుందా?" అన్నారు.

"వస్తుందండీ."

"అయితే వస్తాను. అక్కడ టీ బాగుంటుంది."

టీ కోసమే అనుకున్నాను. నాకు బుద్ధి లేదు.

పద్దెనిమిదిన పొద్దున్నే బయల్దేరాం. మెహబూబ్ బీ గారు కొత్త మంగళగిరి చీర కట్టుకున్నారు. చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ. పామర్రు దాటాం, చల్లపల్లి దాటాం. చిన్న తుంపర పడుతోంది. ఆవిడ కిటికీలోంచి పచ్చటి పొలాలు చూసుకుంటూ కూనిరాగం కూడా తీశారు. అవనిగడ్డలో టీ కొట్టు ముందు కారాపాను. మూడు టీలు తెప్పించి, డబ్బులిచ్చి ఇటు తిరిగేసరికి బల్ల మీద అహ్మద్ గారు సగం తాగిన గ్లాసుంది, మనిషి లేడు. కార్లో గొడుగూ లేదు.

ఎదురుగా గోడ అవతల నుంచి కేక వినపడింది.

"లేపు తల్లీ! లేపి కొట్టు!"

ఆ గొంతు కృష్ణా జిల్లాలో ఇంకెవరికీ లేదు.

మెహబూబ్ బీ గారు గ్లాసు కింద పెట్టారు. "కిరీటీ, బందరు బస్సు ఎక్కడాగుతుంది?"

"ఒక్క నిమిషమమ్మా, నేను వెళ్లి పట్టుకొస్తాను."

"నువ్వు పట్టుకురానక్కర్లేదు. మొహమ్మీద చెప్పే పోతాను."

గోడ అవతల హైస్కూలు గ్రౌండు. ఆడపిల్లల రాష్ట్రస్థాయి వాలీబాల్. ఒక పక్క అవనిగడ్డ జట్టు కోసం ఊరు ఊరంతా దిగింది. ఈలలు, పళ్లేలు, ఒక డప్పు. రెండో పక్క మెట్లన్నీ ఖాళీ. ఆ ఖాళీలో గొడుగు కింద అహ్మద్ గారు ఒక్కరే, అరవై మూడేళ్ల మనిషి, నీలం చొక్కాల పిల్లల కోసం గెంతుతున్నారు.

మెహబూబ్ బీ గారు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మెట్లెక్కుతుంటే, మెడలో విజిల్ వేసుకున్న ఒకాయన పరిగెత్తుకొచ్చాడు.

"మీరు మెహబూబ్ బీ గారే కదండీ? నమస్కారమండీ. నా పేరు జయపాల్. మడకశిర పిల్లలకి పీఈటీ మాస్టర్ని. అహ్మద్ గారు మీ గురించి చెబుతుంటారు."

"ఏం చెబుతారు?"

"భయమని చెబుతారండీ."

"అది నిజమే. ఇక్కడికెందుకొచ్చారు ఆయన?"

"మేం పిలిస్తే వచ్చారండీ. కిందటేడు ఏలూరులో మా పిల్లలు ఆడారు. పదమూడు గంటల బస్సు ప్రయాణం. అమ్మానాన్నలు పనులు మానుకుని అంత దూరం రాలేరు కదండీ. అవతలి జట్టుకి మూడు డప్పులు. మావాళ్ల సర్వీసు ఒక్కటీ నెట్టు దాటట్లేదు. అప్పుడు ఎక్కడినుంచో ఈయన గొంతు. ఓడిపోయాం లెండి. కానీ తిరుగు బస్సులో ఒక్క పిల్లా ఏడవలేదు. అప్పట్నుంచి ఎక్కడ ఆడాల్సొచ్చినా ముందు ఈయనకే ఫోన్ చేస్తాం. మేమే కాదండీ, పాడేరు వాళ్లు, పలమనేరు వాళ్లు, అందరం."

నేను మెట్టు మీద కూలబడ్డాను. ఇన్నేళ్లూ నేను ఆయనకి తీసిన టికెట్లన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. ఈయన వెళ్లిన ఆట ఒక్కటీ ఏ పేపర్లోనూ ఎందుకు పడలేదో అప్పుడు అర్థమైంది.

మెహబూబ్ బీ గారు భర్త వైపు తిరిగారు. "మరి ఆగ్రా?"

"మణిపూర్ నుంచి ఒక్క పిల్లే వచ్చింది బేగం. ఆ పిల్లకి ఎవరూ లేరు. తాజ్‌మహల్‌కి చాలామంది ఉన్నారు."

"ఈ రోగం ఎప్పట్నుంచి?"

"గుండీల కోసం సూరత్ వెళ్లినప్పుడు. రైలు ఆలస్యమైతే ఓ గ్రౌండులో కూర్చున్నాను. ఓడిపోతున్న పిల్లకి చప్పట్లు కొట్టాను. ఎవరా అని తిరిగి చూసింది. అదేం చూపో, మళ్లీ చూడాలనిపించింది. దానికోసం ఇంకో ఊరు వెళ్లాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆటపిచ్చి అంటే నువ్వు తిట్టి ఊరుకుంటావు. జాలి అంటే ఆ పిల్లలు ఒప్పుకోరు. అదీగాక, నాకు నిజంగానే పిచ్చి."

ఆ మాట అని గొడుగు ముడిచారు. "పద బేగం. నీకు మాటిచ్చాను. సముద్రానికి పోదాం."

ఆట మధ్యలో ఆయన లేవడం నేనెప్పుడూ చూళ్లేదు. రెండు మెట్లు దిగారు కూడా. సరిగ్గా అప్పుడే నీలం చొక్కా పిల్ల ఒకత్తి సర్వీసు నెట్టుకి కొట్టింది. ఊరంతా గేలి చేసింది. ఆ పిల్ల తలెత్తి ఇటు చూసింది. గొడుగు లేదు.

మెహబూబ్ బీ గారు ఖాళీ మెట్టు మీద చతికిలబడ్డారు.

"కూర్చోండి. సముద్రం రేపూ ఉంటుంది. ఈ పిల్లలు సాయంత్రం బస్సెక్కుతారు."

నిజంగానే మర్నాడూ ఉంది. వెళ్లి చూశాం. ఇద్దరికీ గొంతులు పోయి, అంత సముద్రం ముందు సైగలతో మాట్లాడుకున్నారు. ఆ గొంతులు ఎలా పోయాయో చెబుతాను.

కూర్చున్న ఐదో నిమిషంలో ఆవిడ లేచి నిలబడ్డారు. "ఏమయ్యా రిఫరీ! కళ్లజోడు ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

"బేగం, ఆ పాయింటు వాళ్లదేనేమో."

"మీకు రూల్స్ తెలుసా?"

"తెలీదు."

"అయితే నోరు మూసుకుని అరవండి!"

మడకశిర ఓడింది. మూడో స్థానం కోసం పాడేరు జట్టుతో ఆడాలి. ఊరి జనం భోజనాలకి పోయారు. పాడేరు పిల్లలు వరసగా వచ్చి కోర్టులో నిలబడి, అహ్మద్ గారి వైపు ఆశగా చూశారు. వాళ్ల మాస్టారూ ఈయనకే ఫోన్ చేశాడు మరి. అటు ఎర్ర చొక్కాలు, ఇటు నీలం చొక్కాలు, మధ్యలో ఒక్క అహ్మద్ గారు. ఆయనకి చెమటలు పట్టాయి.

"రెండు జట్లకీ అరిచేయండి" అన్నాను.

"తప్పు కిరీటీ. ఇద్దరికీ అరిస్తే ఎవరికీ అరిచినట్టు కాదు."

మెహబూబ్ బీ గారు లేచారు. క్యారేజీ నా ఒళ్లో పెట్టారు. చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో గ్రౌండు దాటి, ఎదుటి పక్క ఖాళీ మెట్లెక్కి, పాడేరు పిల్లల వెనక నిలబడ్డారు.

ఇక చూడండి. ముప్పై నాలుగేళ్ల కాపురంలో దాచుకున్న గొంతంతా బయటికొచ్చింది. అహ్మద్ గారి మొదటి కేక ఆ హోరులో కలిసిపోయింది. ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత చెవుల దాకా నవ్వి, గొడుగు పారేసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"బేగం! అది మా పాయింటు!"

"ఎవరు చెప్పారు? లెక్క పెట్టారా?"

"నువ్వు పెట్టావా?"

"నాకు తీరికెక్కడుంది?"

పిల్లలు నవ్వు ఆపుకోలేక సర్వీసులు తప్పు కొడుతున్నారు. రెండో సెట్ మధ్యలో రిఫరీ విజిల్ ఊది ఆట ఆపేసి, నా దగ్గరికొచ్చి వంగి మెల్లిగా అడిగాడు.

"ఏమండీ, వాళ్లిద్దరూ ఏమవుతారు?"

"మొగుడూ పెళ్లాలండీ."

"ఇంట్లోనూ ఇంతేనా?"

"ఏమోనండీ. అక్కడ రిఫరీ ఉండడు కదా."

ఆయన కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తల పంకించి, మళ్లీ విజిల్ ఊదాడు.