గుండె బొమ్మకు పదో తారీకు

మొన్న సోమవారం పొద్దున్న మా మనవరాలు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఆ వారం బయాలజీలో చేయవలసిన పనులన్నీ ఒక కాగితం మీద రాసుకుంది. రాసినంతసేపూ బాగానే ఉండి, చివర గీత గీయగానే భోరుమంది. ఏమిటా అని కళ్ళజోడు పెట్టుకుని చూశాను. రెండు వీడియో పాఠాలు, వాటికి నోట్సు, ఇరవై ప్రశ్నలు, ఒక క్విజ్జు, ఇంట్లోవాళ్ళందరి నాడి కొలిచి పట్టిక, దానికి ఫోటోలు, అన్నిటికీ మించి భాగాలతో సహా గుండె బొమ్మ, అదీ ఆదివారం లోపు! ఈ పిల్ల షటిల్ బాగా ఆడుతుందని, రెండు పూటలా ప్రాక్టీసు కుదరాలని, గుంటూరులో ఇన్ని స్కూళ్ళుండగా మానిపించి ఇంట్లోనే ఆన్‌లైన్లో సబ్జెక్టులు మనమే ఎంచుకునే పదో తరగతి చదివిస్తున్నారు. స్కూలు లేదు కదా, ఇక హాయి అనుకున్నాం అందరం. హాయి ఎక్కడ! స్కూల్లో అయితే పక్కపిల్ల నోట్సులోకి తొంగిచూడవచ్చు, బోర్డు మీద బొమ్మ దించుకోవచ్చు. ఇక్కడ అంతా తనే చదివి, తనే వేసి, తనే ఫోటో తీసి పంపాలి.

మా కోడలు చూడలేకపోయింది. "అత్తయ్యా, వాళ్ళ మేడమ్‌కి మెసేజ్ పెడతాను, పని సగం తగ్గించమని. కుదరదంటే ఈ బయాలజీయే మాన్పించేద్దాం" అంది. "ఆగమ్మా, ఆగు!" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, తల్లీకూతుళ్ళిద్దరూ నా వంక చూశారు. వాళ్ళకు చెప్పిందే మీకూ చెబుతాను. నా ఈడువాళ్ళకు ఇందులో సగం చెప్పకుండానే తెలుస్తుంది.

మాది చిలకలూరిపేటకు లోపలగా ఉన్న మెట్ట ఊరు. నల్లరేగడి నేల, పత్తీ మిరపా తప్ప మరో ధ్యాస లేని మనుషులు. పదో తరగతిలో ఉండగా వానాకాలంలో నాకు కీళ్ళ జ్వరం వచ్చింది, జ్వరం తగ్గింది గానీ గుండెకు తగిలిందన్నారు. గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టరుగారు ఆరు నెలలు మంచం దిగకూడదని, ఆ తరవాత సంగతి ఆ తరవాత చూద్దామని నాన్నతో చెప్పారు. తరవాత ఏమిటన్నది ఆయన చెప్పలేదు, నాన్న అడగలేదు. వసారాలో కిటికీ పక్కన నాకొక నులక మంచం వేశారు. చదువు అయిపోయిందనే అనుకున్నారు అందరూ. ఆడపిల్ల, పైగా జబ్బుపిల్ల, ఇక చదువెందుకని వచ్చినవాళ్ళందరూ అమ్మకు చెప్పి వెళ్ళేవారు.

అలా అనుకోనిది ఒక్క మా సైన్సు మాస్టారే. ఆయనది పొన్నూరు వైపు, వరి తప్ప మరో పైరు ఎరగని మాగాణి మనిషి, పేట స్కూలుకు కొత్తగా వచ్చారు. నేను మంచమెక్కిన పది రోజులకు మా ఊరి బస్సు కండక్టరు చేతికి ఒక గుడ్డ సంచీ ఇచ్చి పంపారు. అందులో నా రికార్డు పుస్తకం, క్లాసులో చెప్పిన పాఠాల జాబితా, ఏ పని ఏ తారీకుకు ఇవ్వాలో రాసిన కాగితం. సోమవారం సంచీ వచ్చేది, గురువారం తిరిగి వెళ్ళేది. బస్సు మా ఇంటి ముందు ఆగగానే ఆ కండక్టరు "అమ్మాయిగారి బడి వచ్చిందహో!" అని ఊరంతా వినేటట్టు కేకేసేవాడు. బడిలో పిల్లలకు ఎంత పనో నాకూ అంతే, ఒక్క బొమ్మ తక్కువ లేదు. దిండుకు ఆనుకుని, ఒళ్ళో పీట పెట్టుకుని వేసేదాన్ని, చేతులు నొప్పి పుట్టి ఆయన్ని తిట్టుకునేదాన్ని కూడా.

ఒక వారం ఏదైనా పువ్వును వరసగా రెండు రోజులు చూసి భాగాలూ మార్పులూ రాయమన్నారు. క్లాసులో అందరూ మందార తెచ్చుకుని ఉంటారు. మా అమ్మ మాత్రం మందు కొట్టని సాలు వెతికి, పత్తి మొక్క ఒకటి వేళ్ళతో సహా మట్టిగడ్డతో పెళ్ళగించి తెచ్చి, చిల్లుబిందెలో పెట్టి నా కిటికీలో ఉంచింది. మొదటి రోజు పువ్వు మీగడ రంగు, మర్నాటికి అదే పువ్వు ఎరుపు, రెండూ వేసి రంగులద్దాను. సంచీ తిరిగొచ్చింది. నా బొమ్మ కింద ఎర్ర సిరాతో "ఒకే పువ్వుకు రెండు రంగులెలా ఉంటాయి? చూసి రాయి, ఊహించి రాయకు" అని ఉంది. ఇది విని నాన్న ఎన్నాళ్ళకో పగలబడి నవ్వాడు. "మాగాణాయనకు పత్తిపువ్వు సంగతేం తెలుసే!" అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. జబ్బు పడ్డాక నాకు అంత కోపం రావడం అదే మొదలు. "ఊహించలేదు. మీరే వచ్చి చూడండి" అని రాసి, సంచీ కండక్టరుకు ఇప్పించాను. తరవాత భయమేసింది, మాస్టారికి అలా రాయవచ్చునా అని.

ఆదివారం మాస్టారు బస్సు దిగారు! నాన్న చేలోకి తీసుకెళితే, అప్పుడే విచ్చిన పువ్వు కాడకు తన చేతిరుమాలు అంచు చింపి కట్టి వెళ్ళారట. సోమవారం మళ్ళీ తొలి బస్సుకే వచ్చారు, చూసుకుని, చెప్పులకు గడ్డలు గడ్డలుగా రేగడి మట్టితో మా వసారాలోకి వచ్చి నవ్వుతూ రికార్డు అడిగారు. తను రాసింది తనే కొట్టేసి, పక్కన "పొరపాటు నాది" అని రాసి సంతకం పెట్టారు. అమ్మ మజ్జిగ ఇచ్చి, ఇదే సమయమనుకుని, తరవాతి పాఠం గుండె గురించని తెలిసి, "అదొక్కటీ వద్దు మాస్టారూ, పిల్లకు పని తగ్గించండి" అని బతిమాలింది. ఆయన గ్లాసు కింద పెట్టారు. "పని తగ్గించనమ్మా. గడువు పెంచుతాను. గుండె బొమ్మ వచ్చే నెల పదో తారీకుకు పంపమనండి" అన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇదంతా విని మా మనవరాలు, "మరి నీకు కోపం రాలేదా నాయనమ్మా, అంత జబ్బులో కూడా తగ్గించనన్నందుకు?" అంది.

కోపమా! ఆ రోజుల్లో మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ గొంతు తగ్గించి మాట్లాడేవారు. మేనత్తలు నా తల నిమిరి, గడప దాటగానే కళ్ళు తుడుచుకునేవారు. నాన్న అడిగినవన్నీ కొనిపెట్టేవాడు, ఎన్నడూ లేనిది. పద్నాలుగేళ్ళ పిల్లకు అర్థం కాదనుకున్నారు గానీ నాకు అంతా అర్థమైంది. ఆ ఇంట్లో వచ్చే నెల గురించి నాతో మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు, ఆయన తప్ప. పోయే పిల్లకు ఎవరూ హోంవర్కు పెట్టరు కదా! అంటే పదో తారీకుకు నేనుంటానన్నమాట అనుకున్నాను. ఆ రోజు అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

మా కోడలు ఫోను తీసి, తగ్గించమని కాక వారం గడువు ఇమ్మని రాసింది. ఆ మేడమ్ మంచావిడే, నిమిషంలో సరేనంది, గుండె బొమ్మ ఎలా మొదలుపెట్టాలో ఒక చిన్న వీడియో కూడా పంపింది. ఎక్కడో ఉన్న పిల్ల కోసం అంత శ్రమ పడినందుకు ఆవిడకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఆవిడ మా మనవరాలికి తెర మీద మెడ దాకానే తెలుసు, చెప్పులెలా ఉంటాయో ఎన్నటికీ తెలియదు. అదొక్కటే నాకు వెలితి.

మా మాస్టారికి ఆ ఎండాకాలంలోనే బదిలీ అయింది. ఆ బస్సూ లేదు, సంచీ ఎప్పుడో చిరిగిపోయింది. పని ఎందుకు తగ్గించనన్నారో ఆయన చెప్పలేదు, నేనేమనుకున్నానో నేనూ చెప్పలేదు. ఇప్పుడు కబురు నిమిషంలో వెళుతుంది గానీ, ఎక్కడికి పంపాలో నాకు తెలియదు. తెలిస్తే ఇంతే రాసేదాన్ని: మాస్టారూ, గుండె బొమ్మ పదో తారీకుకే పంపాను కదా, ఆ గుండెకు ఇప్పుడు అరవై ఆరేళ్ళు.